ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్

ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ (ఏప్రిల్ 7, 1891 - మార్చి 11, 1958) డెన్మార్క్ దేశానికి చెందిన వడ్రంగి, బొమ్మల తయారీదారు. ప్రపంచమంతటా పిల్లలు ఆడుకొనే లెగో ఇటుకలను తయారుచేసే సంస్థకు స్థాపకుడు. ఇతడు పేద కుటుంబంలో పుట్టి, వడ్రంగి పనితో జీవితం ప్రారంభించి, ఆర్థిక మాంద్యంలో పని దొరకక బొమ్మల తయారీకి మళ్ళాడు. భార్యావియోగం, రెండు అగ్నిప్రమాదాలు, అప్పులు ఇతని జీవితంలోని ముఖ్య ఘట్టాలు. పిల్లల బొమ్మ అనే కారణంతో పనితనంలో లోపం ఉండరాదన్నది ఇతడు జీవితాంతం పాటించిన నియమం. నేడు లెగో ఇటుకలకు ఉన్న మన్నికకు, వాటి అధిక ధరకు కూడా ఈ నియమమే చాలావరకు మూలం.

బాల్యము, వృత్తి శిక్షణ

ఓలె కిర్క్ డెన్మార్క్‌లోని జట్లాండ్ ద్వీపకల్పంలో, బిల్లుండ్‌కు సమీపంలో ఉన్న ఫిల్స్‌కోవ్ అనే గ్రామంలో జన్మించాడు. ఆ ప్రాంతం ఇసుక నేలలు, పొదలతో కూడిన బీడు భూములు గల మెట్ట ప్రాంతం. తల్లిదండ్రులకు సంతానం ఎక్కువ, ఆదాయం తక్కువ. అందువలన చిన్నతనంలోనే పశువులను కాసే పనికి వెళ్ళవలసి వచ్చింది. తరువాత తన అన్న వద్ద శిష్యరికం చేసి వడ్రంగి పని నేర్చుకొన్నాడు.

శిక్షణ పూర్తయిన పిమ్మట 1911 నుండి కొన్ని సంవత్సరాలు జర్మనీ, నార్వే దేశాలలో పనిచేశాడు. నార్వేలో ఉన్నప్పుడే హాన్సినె క్రిస్టినె సోరెన్‌సెన్‌తో పరిచయం కలిగింది. 1916లో స్వదేశానికి తిరిగివచ్చి ఆమెను వివాహమాడాడు.

బిల్లుండ్‌లో కార్ఖానా

1916లోనే ఓలె కిర్క్ బిల్లుండ్ గ్రామంలో ఒక వడ్రంగి కార్ఖానాను కొన్నాడు. అప్పటికి బిల్లుండ్ చిన్న పల్లె. చుట్టుప్రక్కల రైతుల ఇళ్ళకు తలుపులు, కిటికీలు, బీరువాలు, సొరుగు పెట్టెలు చేసి ఇవ్వడం ఇతని ప్రధాన వృత్తి. ఎండాకాలంలో ఇళ్ళ నిర్మాణపు పనులు, చలికాలంలో సామాను తయారీ జరిగేవి. ఈ దంపతులకు యోహానెస్, కార్ల్ గెయోర్గ్, గోట్‌ఫ్రెడ్, గెర్‌హార్డ్ అని నలుగురు కుమారులు కలిగారు. వీరిలో మూడవవాడైన గోట్‌ఫ్రెడ్ (జననం జులై 8, 1920) తరువాతి కాలంలో తండ్రి సంస్థను విస్తరింపజేశాడు.

1924లో ఇద్దరు చిన్న కుమారులు కార్ఖానాలో ఆడుకొంటూ ఉండగా చిత్రిక పొట్టుకు నిప్పు అంటుకొంది. కార్ఖానాతో పాటు నివసించే ఇల్లు కూడా కాలిపోయింది. ఓలె కిర్క్ కుమారులను దూరం చేసుకోలేదు, వృత్తిని విడిచిపెట్టలేదు. అంతకంటె పెద్ద భవనం కట్టించి, అందులో కొంత భాగాన్ని అద్దెకు ఇచ్చి, అప్పు తీర్చుకొనే ప్రయత్నం చేశాడు. ముఖద్వారానికి ఇరువైపులా సింహపు ప్రతిమలు ఉన్నందున ఆ ఇంటికి సింహాల ఇల్లు అని పేరు వచ్చింది. ఆ ఇల్లు బిల్లుండ్‌లో ఇప్పటికీ ఉంది.

కష్టకాలము, బొమ్మల తయారీ ప్రారంభము

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం కొద్ది కాలంలోనే డెన్మార్క్ వ్యవసాయాన్ని కూడా దెబ్బతీసింది. పంటలకు, పాడికి ధరలు పడిపోగా రైతులు కొత్త ఇళ్ళు కట్టించుకోవడం మానివేశారు. ఓలె కిర్క్ తన వద్ద పనిచేసేవారిని ఒక్కొక్కరినే పంపివేయవలసి వచ్చింది. ఇల్లు కట్టించుకోలేనివారు కూడా కొనగల చిన్న వస్తువులు చేసి అమ్మాలని నిశ్చయించుకొన్నాడు. నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలతో పాటు, 1932లో చెక్క బొమ్మలు చేయడం ప్రారంభించాడు.

అదే సంవత్సరంలో భార్య హాన్సినె మరణించింది. అప్పటికి పెద్ద కుమారునికి సుమారు పదిహేను సంవత్సరాలు, చిన్నవానికి సుమారు ఆరు సంవత్సరాలు. ఒక ప్రక్క తల్లి లేని నలుగురు పిల్లలు, మరొక ప్రక్క ఆదాయం లేని కార్ఖానా. తోబుట్టువుల వద్ద అప్పు తీసుకొని పని కొనసాగించాడు. బొమ్మల వ్యాపారం కుటుంబాన్ని పోషిస్తుందని నమ్మినవారు ఆనాడు చాలా తక్కువ. ఓలె కిర్క్ దైవభక్తి గల క్రైస్తవుడు. కష్టకాలంలో విశ్వాసమే అతనికి ఆధారమైంది. 1934లో సోఫీ యోర్గెన్‌సెన్‌ను పునర్వివాహం చేసుకొన్నాడు. వీరికి ఉల్లా అనే కుమార్తె కలిగింది.

ఆ రోజులలో బొమ్మలు కొనడానికి తల్లిదండ్రుల చేతిలో డబ్బు ఉండేది కాదు. ఓలె కిర్క్ స్వయంగా ఊరూరా తిరిగి బొమ్మలు అమ్మేవాడు. డబ్బు ఇవ్వలేని వారి నుండి తినుబండారాలు తీసుకొని బొమ్మలు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ కాలంలో యో-యో అనే ఆటవస్తువుకు అకస్మాత్తుగా గిరాకీ ఏర్పడి, అంత త్వరగానూ పోయింది. అమ్ముడుపోని యో-యోలను పారవేయక, వాటిని రెండుగా కోసి చెక్క లారీలకు చక్రాలుగా అమర్చాడు.

గోట్‌ఫ్రెడ్ పన్నెండవ ఏట నుండే బడి విడిచిన తరువాత తండ్రితో కలిసి కార్ఖానాలో పనిచేశాడు. కార్లు, లారీలు, రైళ్ళు, జంతువులు, తాడు కట్టి లాగే బాతు మొదలైనవి అప్పటి ముఖ్యమైన బొమ్మలు.

లెగో అనే పేరు

1930 దశకం మధ్యలో సంస్థకు ఒక పేరు పెట్టదలచి ఓలె కిర్క్ తన పనివారికి చిన్న పోటీ పెట్టాడు. ఇంటిలో తయారుచేసిన ద్రాక్షసారా ఒక సీసా దీనికి బహుమతి. చివరకు ఓలె కిర్క్ సూచించిన పేరే నిలిచింది. డానిష్ భాషలో బాగా ఆడుకోమని అర్థం వచ్చే రెండు పదాల మొదటి అక్షరాలను కలుపగా లెగో అనే పేరు ఏర్పడింది. లాటిన్ భాషలో ఈ పదానికి కూర్చుతాను అనే అర్థం చెప్పవచ్చునని సంస్థవారు చాలా కాలం తరువాత గుర్తించారు. ఇటుకల తయారీ మొదలు కావడానికి పదేళ్ళకు పైగా ముందే ఈ పేరు పుట్టింది.

నాణ్యతపై పట్టుదల

ఓలె కిర్క్ బొమ్మలకు బాగా ఆరబెట్టిన బీచ్ చెక్కను వాడేవాడు. చెక్కను నునుపు చేసి, రంగు వేసి, మూడు పూతలు వార్నిష్ పూయడం కార్ఖానాలో నియమం. ఒకసారి గోట్‌ఫ్రెడ్ చెక్క బాతులకు మూడు పూతలకు బదులు రెండు పూతలే పూసి, పెట్టెలలో సర్ది రైల్వే స్టేషనుకు చేర్చాడు. సంస్థకు ఖర్చు తగ్గించానని సంతోషంతో తండ్రికి చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. ఆ పెట్టెలను వెంటనే తిరిగి తెచ్చి, మూడవ పూత తానే పూసి, మరల స్టేషనుకు చేర్చవలసిందిగా ఆజ్ఞాపించాడు. గోట్‌ఫ్రెడ్ ఒంటరిగా ఆ పని పూర్తిచేశాడు. ఈ ఉదంతాన్ని గోట్‌ఫ్రెడ్ తరువాతి కాలంలో స్వయంగా చెప్పేవాడు.

అత్యుత్తమమైనది కూడా పిల్లలకు ఎక్కువ కాదన్న భావంతో గోట్‌ఫ్రెడ్ ఒక వాక్యాన్ని చెక్కపై చెక్కి కార్ఖానా గోడకు తగిలించాడు. అదే సంస్థకు ఆదర్శవాక్యం అయింది. అప్పుల్లో ఉన్న కార్ఖానాకు వార్నిష్ డబ్బా ఖర్చు కూడా చిన్నది కాదు. తాను కష్టంలో ఉన్నా ఆ భారాన్ని పిల్లల వస్తువుపై మోపకపోవడం ఈ ఉదంతంలోని విశేషం.

యుద్ధకాలము, రెండవ అగ్నిప్రమాదము

రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 ఏప్రిల్ 9న జర్మనీ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించుకొన్నాయి. బొమ్మల తయారీలో లోహము, రబ్బరు వాడకంపై నిషేధం ఏర్పడటంతో చెక్క బొమ్మలకు గిరాకీ పెరిగింది. ఇటువంటి సమయంలో, 1942 మార్చిలో, కార్ఖానా మరొకసారి కాలిపోయింది. బొమ్మల నమూనాలు, ఏళ్ళ తరబడి గీసిన పటాలు అన్నీ బూడిదయ్యాయి. వ్యాపారం మానివేద్దామా అని ఓలె కిర్క్ ఆలోచించిన సమయమిది. కాని తనపై ఆధారపడిన పనివారి కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని అదే ఊరిలో కొత్త కార్ఖానా కట్టించాడు. 1944లో దీనిని కుటుంబ యాజమాన్యంలో లిమిటెడ్ కంపెనీగా మార్చాడు.

ప్లాస్టిక్ యంత్రము

యుద్ధం ముగిసిన తరువాత, 1946లో కోపెన్‌హాగన్ నగరంలో ఓలె కిర్క్ ఇంగ్లాండులో తయారైన ఒక యంత్రం పనితీరును చూశాడు. కరగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి పంపి వస్తువులను పోతపోసే యంత్రమది. దాని ధర సుమారు 30,000 క్రోనర్లు. ఒక పల్లెటూరి బొమ్మల కార్ఖానాకు ఇది చాలా పెద్ద మొత్తం. చెక్క తప్ప మరొకటి ఎరుగని వడ్రంగి, అర్ధ శతాబ్దం పైబడిన వయస్సులో, ఇంత ఖర్చుకు సిద్ధపడటం సాహసమే. యంత్రం 1947 చివరకు బిల్లుండ్ చేరింది.

ఆ సందర్భంలోనే ఇతని దృష్టికి కొన్ని చిన్న ప్లాస్టిక్ ఇటుకలు వచ్చాయి. బ్రిటన్‌లో కిడ్డీక్రాఫ్ట్ అనే సంస్థ స్థాపకుడు హిలరీ ఫిషర్ పేజ్ రూపొందించిన ఇటుకలవి. వాటి పైభాగంలో బొడిపెలు, లోపల ఖాళీ ఉండటం వలన ఒకదానిపై ఒకటి అమర్చవచ్చు. ఓలె కిర్క్, గోట్‌ఫ్రెడ్ వాటి కొలతలలో స్వల్పమైన మార్పులు చేసి, 1949లో తమ ఇటుకలను విడుదల చేశారు. అందుచేత బొడిపెల ఇటుక మూల ఆలోచన హిలరీ పేజ్‌కు చెందినదని చెప్పాలి. ఇతడు 1957లో మరణించాడు. కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులను లెగో సంస్థ 1981లో కొనుగోలు చేసింది.

తొలి ఇటుకలు సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో తయారయ్యాయి. వీటికి మొదట ఆదరణ లభించలేదు. తల్లిదండ్రులు పిల్లల బొమ్మలంటే చెక్కవే కొనేవారు. ఇటుకలు లోపల బోలుగా ఉన్నందున ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనేవి కావు. దుకాణాల నుండి సరుకు తిరిగివచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. అయినను ఓలె కిర్క్ ఆ ప్రయత్నాన్ని విరమించలేదు. 1953లో వీటికి లెగో ఇటుకలు అని పేరు మార్చారు.

ఆటకు ఒక పద్ధతి

1950లో తన 30వ పుట్టినరోజున గోట్‌ఫ్రెడ్ సంస్థ నిర్వహణలో తండ్రికి తరువాతి స్థానాన్ని పొందాడు. 1954లో ఇంగ్లాండులో బొమ్మల ప్రదర్శన చూసి ఓడలో తిరిగివస్తున్నప్పుడు ఒక పెద్ద దుకాణానికి బొమ్మలు కొనే ఉద్యోగితో ఇతనికి సంభాషణ జరిగింది. బొమ్మల వ్యాపారంలో ఒక పద్ధతి అంటూ లేదని, ఒక బొమ్మకు మరొక బొమ్మతో సంబంధం ఉండదని ఆ ఉద్యోగి అభిప్రాయపడ్డాడు. గోట్‌ఫ్రెడ్ తమ వస్తువులన్నింటిని పరిశీలించి, ఇటువంటి పద్ధతికి సరిపోయేది ఇటుక ఒక్కటేనని గుర్తించాడు.

దీని ఫలితంగా 1955లో ఆటలో లెగో పద్ధతి అనే పథకం వెలువడింది. ఇందులో 28 రకాల పెట్టెలు, 8 వాహనాలు ఉన్నాయి. ఏ పెట్టెలోని ఇటుకైనా మరొక పెట్టెలోని ఇటుకకు సరిపోవాలన్నది దీని మూలసూత్రం. ఈ సూత్రం సామాన్య కుటుంబాలకు ఎంతో ఉపయోగపడింది. పెద్ద బొమ్మను ఒకేసారి కొనలేని తల్లిదండ్రులు ఈ ఏడు ఒక చిన్న పెట్టె, వచ్చే ఏడు మరొక పెట్టె కొనవచ్చు. కొత్తది వచ్చినప్పుడు పాతది మూలపడదు, దానితో కలిసి మరింత ఉపయోగపడుతుంది.

చివరి దినములు

1950 దశకంలో ఓలె కిర్క్ ఆరోగ్యం క్షీణించింది. నిర్వహణ బాధ్యతలు క్రమంగా గోట్‌ఫ్రెడ్‌కు చేరాయి. ఇటుకలు గట్టిగా పట్టుకోకపోవడం అనే లోపం మాత్రం అలాగే ఉండిపోయింది. పిల్లవాడు కట్టిన ఇంటిని ఒకచోట నుండి మరొకచోటికి తీసుకొనిపోతే విడిపోయేది. ఇటుక లోపల చిన్న గొట్టాలను అమర్చడం ద్వారా ఈ సమస్య పరిష్కారమైంది. పై ఇటుకలోని గొట్టాలు, అంచుల మధ్య క్రింది ఇటుక బొడిపెలు బిగుసుకొంటాయి. అయినను పిల్లల చేతులతో సులభంగా ఊడదీయవచ్చు. జనవరి 28, 1958న దీని పేటెంటు కొరకు కోపెన్‌హాగన్‌లో దరఖాస్తు చేయబడింది.

ఇది జరిగిన ఆరు వారాలకు, మార్చి 11, 1958న ఓలె కిర్క్ గుండెపోటుతో బిల్లుండ్‌లో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 66 సంవత్సరాలు. తాను నమ్మి పెట్టుబడి పెట్టిన ప్లాస్టిక్ ఇటుక లోపం తొలగి పూర్తి రూపం పొందడాన్ని చూశాడు కాని, దాని ప్రపంచ ఖ్యాతిని చూడలేదు.

మరణానంతరము

1960 ఫిబ్రవరిలో చెక్క బొమ్మల విభాగం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంతటితో చెక్క బొమ్మల తయారీ ఆగిపోయింది. గోట్‌ఫ్రెడ్ సోదరుల వాటాలను కొని, ఇటుకలపైనే పూర్తిగా దృష్టి నిలిపాడు. 1963లో సెల్యులోజ్ అసిటేట్‌కు బదులు ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడకం మొదలైంది. 1964లో బిల్లుండ్ విమానాశ్రయం, 1968 జూన్ 7న లెగోలాండ్ ఉద్యానవనం ప్రారంభమయ్యాయి. 1979లో ఓలె కిర్క్ మనుమడు కెల్డ్ సంస్థ అధిపతి అయ్యాడు. గోట్‌ఫ్రెడ్ 1995లో మరణించాడు. 2017 సెప్టెంబరులో బిల్లుండ్‌లో లెగో హౌస్ అనే భవనం ప్రారంభమైంది.

ఇటుకలు - కుటుంబ బడ్జెట్టు

లెగో ఇటుకలు ఖరీదైనవి. ఇటుకలు ఒకదానికొకటి సరిగా పట్టాలంటే అచ్చులు మిల్లీమీటరులో నూరవ వంతు స్థాయి ఖచ్చితత్వంతో ఉండాలి. ఇది ఓలె కిర్క్ మూడవ వార్నిష్ పూతకు కొనసాగింపు వంటిది. ధర అందుబాటులో లేని కుటుంబాలకు ఆ నాణ్యతలోనే కొన్ని మార్గాలు కూడా ఉన్నాయి.

మొదటిది, పాత ఇటుకలు. 1958 నాటి ఇటుక నేటి ఇటుకకు సరిపోతుంది. అందువలన ఒక ఇంటిలో పిల్లలు పెద్దవారైన తరువాత ఆ ఇటుకలు బంధువుల పిల్లలకు చేరడం, వాడినవి తక్కువ ధరకు అమ్ముడుపోవడం అనేక దేశాలలో మామూలు విషయం. వీటిని 40 డిగ్రీల సెల్సియస్ మించని గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడగవచ్చు. వేడినీటిలో ఇటుకలు వంకరపోతాయి. 1963కు ముందు నాటి సెల్యులోజ్ అసిటేట్ ఇటుకలు కాలక్రమాన వంకర తిరుగుతాయి కనుక వాటిని కొనేటప్పుడు పరీక్షించుకోవాలి.

రెండవది, వయస్సుకు తగిన ఇటుక. మూడేళ్ళ లోపు పిల్లలు చిన్న వస్తువులను నోటిలో పెట్టుకొనే ప్రమాదం ఉన్నందున వారికి మామూలు ఇటుకలు తగవు. వారి కొరకు 1969లో డూప్లో ఇటుకలు విడుదలయ్యాయి. ఇవి పొడవు, వెడల్పు, ఎత్తులలో మామూలు ఇటుకకు రెట్టింపు. ఇవి మామూలు ఇటుకలతో కూడా అమరుతాయి కనుక, రెండేళ్ళ వయస్సులో కొన్నవి ఆరేళ్ళ వయస్సులో కూడా పునాదులుగా, గోడలుగా పనికివస్తాయి.

మూడవది, ఇతర సంస్థల ఇటుకలు. మూల పేటెంట్ల గడువు తీరిన తరువాత ఇతర సంస్థలు కూడా ఇదే కొలతలతో ఇటుకలు తయారుచేయసాగాయి. ఇటుక ఆకారం దాని పనితీరుకు సంబంధించినది కనుక ట్రేడ్‌మార్కు ద్వారా దానిని ఒకే సంస్థకు పరిమితం చేయరాదని కెనడా సుప్రీంకోర్టు 2005లోను, యూరోపియన్ న్యాయస్థానం 2010లోను తీర్పు ఇచ్చాయి. ఇటువంటి ఇటుకలు తక్కువ ధరకు లభిస్తాయి, కాని పట్టు, రంగు, అంచుల నునుపు అన్నింటిలో ఒకే విధంగా ఉండవు. పెద్ద పెట్టె కొనడానికి ముందు చిన్న పెట్టె కొని, పది ఇటుకలు ఒకదానిపై ఒకటి పేర్చి చూడటం మంచిది.

కొనేటప్పుడు ఒకే నమూనాకు పనికివచ్చే ప్రత్యేక ముక్కల కంటె సాధారణ ఇటుకలు ఎక్కువగా ఉన్న పెట్టె చిన్నపిల్లలకు ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. ఎనిమిది బొడిపెలు గల ఒకే రంగు ఇటుకలు రెండింటిని 24 విధాలుగా, మూడింటిని 1,060 విధాలుగా, ఆరింటిని 91,51,03,765 విధాలుగా అమర్చవచ్చునని గణితజ్ఞులు లెక్కించారు. అందుచేత పిల్లవాని ఆటకు పెట్టె పరిమాణం కంటె ఇటుకల పట్టు ముఖ్యం.

విశేషాలు

* ఓలె కిర్క్ ఇంటిపేరు డెన్మార్క్‌లో రెండు వర్ణక్రమాలతో కనబడుతుంది. రెండును ఒకే వ్యక్తికి చెందినవే.
* ప్లాస్టిక్ ఇటుకలకు ముందు ఇతని కార్ఖానాలో అక్షరాలు, అంకెలు గల చెక్క దిమ్మలు కూడా తయారయ్యేవి.
* 1924లో కార్ఖానా కాలిపోయినప్పుడు అక్కడ ఆడుకొంటున్న ఇద్దరు బాలురలో గోట్‌ఫ్రెడ్ ఒకడు. ఆ తండ్రి మొదలుపెట్టిన ఇటుకను లోకానికి పరిచయం చేసినది కూడా అతడే.